నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ నేర్చుకుందాం – 4వ పాఠం: సీనియర్ చేతిలో ఉన్నది ఎస్‌ఓపీలోకి తేవడం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. మందుల ఫ్యాక్టరీలో మీ విభాగంలో గత రెండేళ్ల డీవియేషన్లు (ఆమోదించిన పద్ధతి నుంచి పని పక్కకు తప్పినప్పుడు రాసే రికార్డులు) ముందేసుకుని, మూలకారణం దగ్గర ‘మానవ తప్పిదం’ అనీ, క్యాపా (దిద్దుబాటు, నివారణ చర్య) దగ్గర ‘ఆపరేటర్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చాం’ అనీ రాసి ముగించినవి విడిగా తీయమన్నాను. వాటిలో ఒకే పని మీద, వేర్వేరు మనుషుల చేతుల్లో, రెండు మూడుసార్లు వచ్చింది ఏదైనా కనిపించిందా? కనిపిస్తే ఆ కాగితాలు పక్కన పెట్టుకోండి. మనిషి మారినా తప్పు అదే అయినప్పుడు ఆ మనిషికే మళ్లీ అదే ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో ఆమోదించి రాసిన పత్రం) చదివించి సంతకం తీసుకోవడం దండగ. ఆ పనికి కావలసిన తెలివిడి ఎవరో ఒకరిద్దరి చేతుల్లోనే ఉండిపోయింది. దాన్ని బయటికి తీయడం ఎలాగో ఇవాళ నేర్చుకుందాం.

2008లో ఐసీహెచ్ (ఔషధ నియంత్రణ సంస్థలు, పరిశ్రమ కలిసి ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ మండలి) ఖరారు చేసిన క్యూ10 మార్గదర్శకం ఔషధ నాణ్యతా వ్యవస్థకు రెండు ఊతాలు చెప్పింది: ఒకటి నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ (పనికి కావలసిన తెలివిడిని కూడబెట్టి, అవసరమైనవాళ్లకు అందేలా చూడడం), రెండోది రిస్క్ మేనేజ్‌మెంట్. రిస్క్‌కు 2005 నుంచే క్యూ9 అని విడిగా ఒక మార్గదర్శకం ఉంది కాబట్టి ఫారాలు, స్కోర్లు, సమీక్షలు అన్నీ కుదురుకున్నాయి. మొదటిది మాత్రం నేను చూసినంతలో షేర్డ్ ఫోల్డర్ దగ్గరే ఆగిపోతుంది. ఫోల్డర్‌లో ఫైళ్లు పెరుగుతాయి, రాత్రి షిఫ్ట్‌లో ఆపరేటర్‌కు ఉన్న టెన్షన్ మాత్రం తగ్గదు.

ఇక ఉదాహరణ. ఫిల్టర్ ఇంటెగ్రిటీ టెస్ట్ (ఫిల్టర్ ఎక్కడా దెబ్బతినకుండా ఉందో లేదో చూసే పరీక్ష) తీసుకుందాం. స్టెరైల్ ఫిల్ట్రేషన్ (సూక్ష్మజీవులు లేకుండా మందును వడకట్టడం) జరిగే చోట పనిచేసే ప్రతివాళ్లకూ తెలిసిన పనే. ఎస్‌ఓపీలో ఒక వాక్యం ఉంది: ‘ఫిల్టర్‌ను డబ్ల్యూఎఫ్‌ఐతో ఫ్లష్ చేసి, టెస్ట్ యంత్రానికి కలపండి.’ డబ్ల్యూఎఫ్‌ఐ అంటే ఇంజెక్షన్ల తయారీకి వాడే శుద్ధమైన నీరు. కొత్తగా వచ్చిన ఆపరేటర్ అక్షరాలా అలాగే చేశాడు. బబుల్ పాయింట్ టెస్ట్ ఫెయిల్. మళ్లీ తడిపి చేస్తే పాస్. రికార్డులో ‘ఫిల్టర్ సరిగా తడపలేదు, ఆపరేటర్ పొరపాటు’ అని రాశారు. నాలుగు నెలలకు ఇంకో ఆపరేటర్‌కు అదే జరిగింది. సీనియర్ చేసినప్పుడు మాత్రం ఎప్పుడూ మొదటిసారే పాస్.

కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. తడిసిన పొరలోని సూక్ష్మరంధ్రాల్లో నీరు తలతన్యత వల్ల పట్టుకుని ఉంటుంది. వాటిలో అన్నిటికన్నా పెద్ద రంధ్రంలోని నీటిని నెట్టేయడానికి కావలసిన వాయుపీడనమే బబుల్ పాయింట్. పొరలో ఎక్కడైనా కాస్త భాగం తడవకపోతే గాలి అక్కణ్ణుంచి తక్కువ పీడనానికే దూసుకుపోతుంది. ఫిల్టర్ బాగానే ఉన్నా టెస్ట్ ఫెయిల్ అవుతుంది. హౌసింగ్ (ఫిల్టర్‌ను అమర్చే పాత్ర) పైభాగంలో గాలి చిక్కుకుపోయినా, లోపలి మడతల్లో బుడగలు నిలిచినా జరిగేది ఇదే.

సీనియర్ ఏం చేస్తున్నాడో మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి అడిగితే ‘ఏముందండీ, నీళ్లు వదలడం, ఫ్లష్ చేయడం’ అంటాడు. దాచిపెట్టి కాదు. పదేళ్లు చేసిన పనిలో తన చెయ్యి ఏం చేస్తోందో తనకే తెలియదు. అందుకే మొదటి నియమం: పని దగ్గర నిలబడి చూడండి. కనీసం రెండుసార్లు ఏమీ అడగకుండా చూడండి. అసెప్టిక్ పని (సూక్ష్మజీవులు సోకకుండా చేసే పని) జరుగుతుండగా వెళ్లి మాట్లాడించకూడదు. గ్రేడ్ ఏలో, అంటే అత్యంత శుభ్రంగా ఉంచే చోట, అనవసరమైన మాట, కదలిక రెండూ ప్రమాదమే. వాడని హౌసింగ్‌తో బయట ట్రైనింగ్ ఏరియాలో అమర్చి చేయించండి.

రెండోసారి చూస్తున్నప్పుడు అతని చెయ్యి ఆగిన చోట్లు, తల వంచి చూసిన చోట్లు, చెవి పెట్టిన చోట్లు గుర్తు పెట్టుకోండి. తెలివిడి ఉండేది ఆ విరామాల్లోనే. తర్వాత అడగండి (వెంట్ వాల్వ్ అంటే హౌసింగ్‌లోని గాలి బయటికి పోయే కవాటం, అవుట్‌లెట్ అంటే నీరు బయటికి వెళ్లే దారి):

‘అన్నా, వెంట్ వాల్వ్ తెరిచాక అక్కడ ఎందుకు ఆగారు?’

‘ముందు ధార తుళ్లుతా తెల్లగా వస్తది చూడండి. లోపల గాలి ఉన్నట్టు. అది నీళ్లలా నిలకడగా పడాలి. అప్పుడు మూస్తా.’

‘తర్వాత అవుట్‌లెట్ కొంచెం బిగించారు కదా?’

‘బిగించానా? ఆ... అవును. కొంచెం ఎదురొత్తిడి ఉంటే లోపల బుడగలు పోతాయి.’

‘బిగించానా?’ అన్న ఆ మాట కోసమే మనం వచ్చాం. అడగాల్సినవి ఇంకా ఉన్నాయి: సరిగా రావడం లేదని మీకు ముందుగా దేన్నిబట్టి తెలుస్తుంది? కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారు? ఇది చేయకపోతే ఏమవుతుంది? ఏది చూస్తే పని ఆపేసి సూపర్‌వైజర్‌ను పిలుస్తారు? ‘ఎలా చేస్తారు?’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకు ఎస్‌ఓపీలో ఉన్నదే తిరిగి అప్పజెబుతారు.

విన్నదాన్ని మూడు వరుసల్లో రాసుకోండి: మెట్టు, కీలకం, ఎందుకు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో కొత్త కార్మికులకు త్వరగా పని నేర్పడానికి తెచ్చిన టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) శిక్షణలో మెట్లను, కీలకాంశాలను ఇలాగే విడగొట్టి రాసేవారు. ‘ఎందుకు’ అన్న వరుస మనకు మరీ ముఖ్యం. కారణం తెలిసిన మనిషి వేరే హౌసింగ్ వచ్చినా తడబడడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ పాఠంలో మీరు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఇదే.

సీనియర్ అవుట్‌లెట్ బిగించడం ఎస్‌ఓపీలో లేదు. అంటే మీరు కనుక్కున్నది ఒక మంచి కిటుకు, అదే సమయంలో ఆమోదించిన పద్ధతికి భిన్నంగా చేస్తున్న పని. అమెరికా ఔషధ తయారీ నిబంధన 21 సీఎఫ్ఆర్ 211.100 ప్రకారం రాతపూర్వక పద్ధతిని పాటించాలి, పాటిస్తున్నప్పుడే రికార్డు చేయాలి, పక్కకు తప్పితే నమోదు చేసి సమర్థన చూపాలి. ఇప్పుడు మీరు అతని మీద డీవియేషన్ రాసి ఊరుకుంటే రేపటి నుంచి ఆ ప్లాంట్‌లో ఎవరూ మీకు నోరు విప్పి చెప్పరు. రాయకుండా కళ్లు మూసుకుంటే మీరే నిబంధన తప్పినవాళ్లవుతారు.

నా సలహా: పని మొదలుపెట్టకముందే క్యూఏతో (నాణ్యతా హామీ విభాగంతో) కూర్చోండి. ఇలాంటివి బయటపడతాయనీ, బయటపడితే నమోదు చేసి ఉత్పత్తి మీద ప్రభావం ఉందో లేదో అంచనా వేస్తామనీ, అందులో మనిషిని తప్పుపట్టబోమనీ ముందే ఒప్పందానికి రండి. అదే మాట సీనియర్‌కు కూడా మొదటి రోజే చెప్పండి. ‘ఎవరికీ తెలియనివ్వను, చెప్పండి’ అని మాత్రం ఎప్పుడూ అనొద్దు. నిలబెట్టుకోలేని మాట అది. ఉన్నదున్నట్టు చెప్తే మొదట కాస్త వెనకాడతారు, తర్వాత నమ్ముతారు.

ఇంకొకటి. సీనియర్ చేసేదంతా సరైనదే అనుకోకండి. కొన్ని అలవాట్లు నిజంగా ప్రమాదం. ఫెయిలైన టెస్ట్‌ను పాస్ అయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయడం అలాంటిది. మళ్లీ తడిపి టెస్ట్ చేయొచ్చు, అవసరమైతే ఆల్కహాల్ కలిపిన నీటితో తడపొచ్చు. కానీ ఎన్నిసార్లు, ఏ వరుసలో అన్నది ముందే ఆమోదించి రాసి ఉండాలి. ప్రతి ఫలితం, ఫెయిలైనది సహా, రికార్డులో ఉండాలి. కాబట్టి కిటుకు ఏదైనా ప్రాసెస్ ఇంజనీర్ చూడాలి, ఫిల్టర్ తయారీదారు ఇచ్చిన సూచనలతో పోల్చాలి, ఛేంజ్ కంట్రోల్ (మార్పును సమీక్షించి ఆమోదించే పద్ధతి) దాటాలి. అప్పటిదాకా దాన్ని ఎవరికీ నేర్పకూడదు. నోట్‌బుక్ పేజీని ఫొటో తీసి షిఫ్ట్ గ్రూపులో పెట్టేవాళ్లను చూశాను. ఎంత మంచి ఉద్దేశమైనా అది అదుపులో లేని పత్రమే.

ఇప్పుడు రాయడం. చేతి భాషను కొలత భాషలోకి మార్చాలి. ‘కొంచెం బిగించాలి’ అంటే ఒక్కొక్కరు ఒక్కో రకంగా బిగిస్తారు. సీనియర్ బిగించినప్పుడు పీడనం గేజ్ ఎంత చూపిస్తోంది? నాలుగైదుసార్లు చేయించి రాసుకోండి. తయారీదారు చెప్పిన పరిధిలో ఉందా చూడండి, ట్రయల్స్‌తో నిర్ధారించండి. అంకెలు పెట్టలేని చోట కంటికి కనిపించే గుర్తు రాయండి. మన వాక్యం చివరికి ఇలా మారుతుంది:

‘వెంట్ వాల్వ్ తెరిచి డబ్ల్యూఎఫ్‌ఐని నెమ్మదిగా వదలండి. వెంట్ నుంచి బుడగలు లేని ధార నిలకడగా వచ్చాకే వెంట్ మూయండి. అవుట్‌లెట్ వాల్వ్‌ను క్రమంగా మూస్తూ, గేజ్ నిర్ణీత పీడనానికి చేరాక నిర్ణీత సమయం ఫ్లష్ చేయండి. పీడనాన్ని, సమయాన్ని బ్యాచ్ రికార్డులో రాయండి. కారణం: గాలి చిక్కుకుంటే పొర పూర్తిగా తడవదు, మంచి ఫిల్టర్ కూడా ఫెయిల్ అవుతుంది.’

నాలుగు వాక్యాలు, ఒక కారణం. ఇంతకుమించి పొడిగించకండి. ఎస్‌ఓపీ పాఠ్యపుస్తకం అయిపోతే ఎవరూ చదవరు. తలతన్యత గురించిన వివరం, ఫొటోలు, పాత డీవియేషన్ కథ శిక్షణ సామగ్రిలోకి వెళ్లాలి, ఎస్‌ఓపీ నంబరుతో ముడిపడి ఉండాలి. ఎస్‌ఓపీ మారినప్పుడు అదీ మారాలి.

శిక్షణ దగ్గరికొస్తే, అదే అమెరికా నిబంధనల్లోని 211.25 ఒక్కొక్కరికి వాళ్లు చేసే ప్రత్యేకమైన పనిలో శిక్షణ ఉండాలంటుంది. ఈయూ జీఎంపీ (యూరోపియన్ యూనియన్ ఔషధ తయారీ నియమావళి) రెండో అధ్యాయం శిక్షణ ఆచరణలో ఎంత పనికొచ్చిందో అప్పుడప్పుడూ అంచనా వేయమంటుంది. ‘చదివాను, అర్థమైంది’ అన్న సంతకం ఈ రెండింటికీ జవాబు కాదు. సీనియర్ చేసి చూపాలి, నేర్చుకునేవాళ్లు చేస్తూ కారణం తమ మాటల్లో చెప్పాలి. తర్వాత అంచనా వేసేవాళ్లు కావాలనే ఒక తేడా పెట్టాలి: వెంట్ ముందే మూసి, హౌసింగ్‌లో గాలి ఉంచి అప్పగించండి. టెస్ట్ యంత్రం బటన్ నొక్కేముందు పట్టుకుంటే వాళ్లకు పని వచ్చినట్టు. పట్టుకోలేకపోతే తప్పులేదు, ఇంకో రెండుసార్లు చేయించండి. నిజమైన బ్యాచ్ మీద కన్నా ట్రైనింగ్ ఏరియాలో తెలియడమే నయం.

ఈ వారం పని: మీరు పక్కన పెట్టుకున్న డీవియేషన్లలో ఒక్కటే ఎంచుకోండి. ముందు క్యూఏతో మాట్లాడండి. ఆ పని బాగా చేసే మనిషిని రెండుసార్లు చూడండి, మూడో రోజు అడగండి, మూడు వరుసల కాగితం నింపండి. ఎస్‌ఓపీ జోలికి అప్పుడే వెళ్లొద్దు. రాసింది ఆ సీనియర్‌కే చదివి వినిపించి, ఎక్కడ తప్పు రాశారో చెప్పమనండి. తక్కువలో తక్కువ రెండు చోట్ల దిద్దుతారు. ఆ దిద్దుబాట్లతో ఉన్న కాగితాన్నే వచ్చే పాఠానికి తీసుకురండి. దాన్ని ఛేంజ్ కంట్రోల్‌లో ఎలా పెట్టాలో, మళ్లీ వెతికితే దొరికేలా డీవియేషన్‌కు, ఎస్‌ఓపీకి, శిక్షణ రికార్డుకు ఎలా ముడివేయాలో దాని మీదే చేసి చూద్దాం.