తొలకరి బొంత – 3: మబ్బును అతికించడం, వానను కుట్టడం

పోయిన భాగంలో ఆకాశం పూర్తయింది. పాత నేత చీరల పట్టీలను అడ్డంగా జతచేసి 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తున్న పైగుడ్డ తయారు చేసుకున్నాం. దాన్ని మిగతా రెండు పొరలతో ఇంకా కలపకండి. మబ్బు కుట్లు పైగుడ్డ ఒక్కదానిలోనే దిగాలి, వాన కుట్లు మూడు పొరల్లోంచీ పోవాలి.

కత్తెర పట్టే ముందు ఒక సాయంత్రం దూరాన లేచిన ఉరుముల మబ్బును కిటికీలోంచి చూడండి. మబ్బు గీయమంటే మన చెయ్యి చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది, అడుగున కూడా. నిజానికి అడుగు కత్తితో కోసినట్టు చదునుగా ఉంటుంది. తేమగాలి లేస్తూ చల్లబడి, ఏ ఎత్తున ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలవుతుందో అక్కడే మబ్బూ మొదలవుతుంది. ఆ ఎత్తు చుట్టుపక్కలంతా దాదాపు ఒకటే. పైన కాలీఫ్లవర్‌లా బుడిపెలు. బాగా ఎదిగిన మబ్బయితే 15 కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి, ఇక లేవలేక పక్కలకు పరుచుకుంటుంది. అప్పుడు దాని నెత్తి కమ్మరి దాగలిలా కనిపిస్తుంది.

అంటే మనకు మూడు ముక్కలు కావాలి: దాగలి, బుడిపెలు, అడుగు. అడుగుకు నల్లని బూడిద రంగు ఎంచుకోండి. మబ్బు మందం ఎండను కిందికి రానివ్వదు కాబట్టే అక్కడ నలుపు. ఎండ తగిలే పైభాగం తెలుపు. మొత్తం మబ్బును ఒకే బూడిద రంగులో కోస్తే బండరాయి అవుతుంది.

తెలుపు కోసం కొత్త గుడ్డ కొనకండి. నేను మొదటిసారి కొత్త మల్లు గుడ్డ వాడితే మబ్బు సున్నం కొట్టిన గోడలా తేలింది. ఉతికి ఉతికి మెత్తబడి, కాస్త పసుపు తిరిగిన పాత పంచె దీనికి సరైనది. ముదురు రంగు చీరలను మాత్రం తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటిందా, ఆ చీర వద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందన్న మాట నమ్మి, ఒక మంచి పంచె మబ్బును నీలం మరకల పాలు చేసుకున్నాను.

కాగితం మీద ఆకారాలు గీసుకుని, గుడ్డను చుట్టూ పావు అంగుళం ఎక్కువగా కత్తిరించండి. ఆ పావు అంగుళాన్ని లోపలికి మడిచి హెమ్మింగ్ చేయాలి. రెండు బుడిపెలు కలిసే లోతు మూలలో మడత తిరగదు. అక్కడ చిన్న గాటు పెట్టి, గీతకు రెండు పోగులు ఇవతలే ఆపండి. ముందు దాగలి, తర్వాత బుడిపెలు, చివర అడుగు. బుడిపెల కింది అంచు మడవనక్కర్లేదు, అడుగు ముక్క కప్పేస్తుంది. ఆ ముక్క కింది గీత మాత్రం గుడ్డ కింది అంచుకు 16 అంగుళాల ఎత్తున, స్కేలు పెట్టినట్టు ఉండాలి.

ఇప్పుడు పొరలు. నేల మీద అడుగు చీర, దానిపై మరో పాత చీర, ఆపైన మబ్బు గుడ్డ. కింది రెండూ అన్ని వైపులా రెండంగుళాలు పెద్దవిగా ఉండాలి. నడిమి నుంచి అంచులకు అరచేత్తో సర్దుతూ, నాలుగేసి అంగుళాల ఎడంతో కచ్చా కుట్టు వేయండి.

వానను గుడ్డతో చేయకండి. నీలం రిబ్బన్లు అతికించిన వానలు చూశాను, పెళ్లిపందిరి తోరణాల్లా ఉన్నాయి. అమ్మమ్మలు బొంతంతా వేసిన ఆ వరస కుట్టే వాన. ఒక్కో కుట్టు ఒక చినుకు. కుట్టు చుట్టూ గుడ్డ ముడుచుకుని చిన్న గుంట పడుతుంది, అందులో నీడ నిలుస్తుంది. దారం బూడిద కలిసిన తెలుపు, ఆరు పోగుల్లో రెండు తీసుకుంటే చాలు. వరసలన్నీ ఒకే ఏటవాలుగా సుద్దతో గీసుకోండి. మబ్బు మీద వాన వద్దు, బుడిపెల చుట్టూ ఒక్క వరస చాలు.

ఎంత దట్టంగా కుట్టాలి? వాతావరణ శాఖ లెక్కను అరువు తెచ్చుకుందాం. ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా 15.6–64.4 మిల్లీమీటర్లు పడితే మోస్తరు వాన, 64.5–115.5 అయితే భారీ, 115.6–204.4 అయితే అతి భారీ. మోస్తరుకు వరసల మధ్య అంగుళం, భారీకి అర, అతి భారీకి పావు. మీకు గుర్తుండిపోయిన ఒక రోజు వానను ఎంచుకోండి. అయితే కుట్లు దట్టమయ్యేకొద్దీ గుడ్డ కుంచించుకుపోతుంది, ఒక పక్కే దట్టమైతే అంచు అల తిరుగుతుంది. అందుకే నడిమి నుంచి మొదలుపెట్టండి, దారం బిగించి లాగకండి, అంచులు ఇప్పుడే కత్తిరించకండి.

చివరగా దుమ్ము. మబ్బులోంచి దిగిన చల్లగాలి నేలను తాకి ముందుకు పరుచుకుంటుంది. వాన కన్నా ముందు దుమ్ము లేపేది అదే. కింది అంచున ఎర్రమట్టి రంగు దారంతో, అడ్డంగా, పొట్టి కుట్లు నాలుగైదు వరసలు వేయండి.

నాలుగో భాగంలో అంచు పట్టీ కుడదాం. దానికోసం ఏదైనా చీర అంచును రెండున్నర అంగుళాల వెడల్పున, నాలుగు గజాల పొడవున చింపి ఉంచుకోండి. జరీ ఉన్నది వద్దు, సూదికి మొండికేస్తుంది.