ఫ్యాటీ లివర్: కొవ్వు తగ్గించిన పద్ధతి

స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు పేరుకోవడం, తొలి స్థాయి) అని వస్తే నూనె ఒక్కటే తగ్గిస్తే చాలదు. ఒంటికి ఖర్చవ్వని పిండిపదార్థాన్ని, చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. అందుకే నేను ముందు కోత పెట్టింది కూల్‌డ్రింకులకు, చక్కెర టీలకు, రాత్రి మారు వడ్డించుకునే అన్నానికి. ఆ చోట పప్పు, ఆకుకూరలు. వారానికి 150 నిమిషాల చురుకైన నడక.

80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. వాపు కూడా తగ్గాలంటే 6 నుంచి 8 కిలోలు దిగాలి. వారానికి కిలో మించొద్దు. కటిక ఉపవాసాలతో గబగబా బరువు దిగితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, కాలేయం వాపు ముదరొచ్చు.

మద్యం పూర్తిగా మానాలి. లివర్ శుభ్రం చేస్తామనే కషాయాల జోలికి అసలు పోవద్దు: తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు ముంబైలో 2020లోనే బయటపడ్డాయి.