లార్జ్ ఫార్మాట్ కెమెరా నేర్చుకోవడానికి పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

4×5 వ్యూ కెమెరా (4×5 అంగుళాల ఫిల్మ్ షీట్లను ఒక్కొక్కటిగా వాడే పెద్ద కెమెరా, లార్జ్ ఫార్మాట్‌లో ఒక రకం) కొన్న వారంలోనే నేను ఐదు పుస్తకాలు ఒకేసారి తెప్పించుకున్నాను, ఐదూ సగం సగం చదివాను. మీరు అలా చేయకండి. ఈ కెమెరాలో ఆటోఫోకస్ ఉండదు, వెలుతురు కొలిచే మీటర్ ఉండదు, వెనకున్న గరుకు అద్దం, అంటే గ్రౌండ్ గ్లాస్ మీద బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, తీసే ప్రతి షీటుకీ విడిగా డబ్బు అవుతుంది, అందుకే పుస్తకం ఎంపికలో పొరపాటు చేస్తే నష్టం దాని ధరతో ఆగదు, ఫిల్మ్ పెట్టెల మీద పడుతుంది.

ముందుగా మీకు ఏమి వచ్చో, ఏమి రాదో ఒక కాగితం మీద రాసుకోండి. 35 ఎంఎం ఫిల్మ్ అలవాటున్నవాళ్లకు ఎక్స్‌పోజర్ పాఠం మళ్లీ అక్కర్లేదు, వాళ్లకు కావాల్సింది లెన్స్‌నీ ఫిల్మ్‌నీ విడివిడిగా ఎత్తడం, పక్కకు జరపడం, ముందుకూ వెనక్కూ వంచడం, పక్కకు తిప్పడం, అంటే రైజ్, షిఫ్ట్, టిల్ట్, స్వింగ్. డిజిటల్ నుంచి నేరుగా వస్తున్నవాళ్లకైతే ఫిల్మ్ హోల్డర్‌లో (షీటుకు వెలుతురు తగలకుండా ఉంచే పలచటి పెట్టె) షీటు ఎలా ఎక్కించాలో ఫొటోలతో చూపించే పుస్తకం కావాలి. మొత్తం ఒకే పుస్తకంలో దొరకాలనుకుంటే లావుపాటిది కొంటారు, అది బీరువాలోనే ఉండిపోతుంది.

తర్వాత, కొనేముందు మూడు చోట్ల తెరిచి చూడండి. ఆన్‌లైన్‌లో కొన్ని పేజీలు చూపిస్తారు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతికే అలవాటుంటే అక్కడే నిలబడి చూడొచ్చు.

మొదటిది టిల్ట్ గురించి చెప్పే చోటు. లెన్స్‌ని కాస్త ముందుకు వంచితే కాళ్ల దగ్గరి గడ్డిపోచ నుంచి దూరంగా ఉన్న పొలం గట్టు దాకా ఒకేసారి ఫోకస్‌లోకి వస్తుందని అన్ని పుస్తకాలూ చెబుతాయి. మంచి పుస్తకం అక్కడితో ఆగదు. కెమెరాను పక్క నుంచి తీసిన ఫొటో, అదే చోటు నుంచి టిల్ట్ లేకుండా ఒక చిత్రం, టిల్ట్‌తో ఒక చిత్రం పక్కపక్కన పెడుతుంది. టిల్ట్ ఎక్కడ పనిచేయదో కూడా చెబుతుంది: దగ్గర్లోనే ఒక తాటిచెట్టు ఉందనుకోండి, నేల అంతా షార్ప్‌గా వచ్చినా చెట్టు తల మసకబారుతుంది, ఎందుకంటే మీరు ఫోకస్ అయ్యే తలాన్ని వంచారు తప్ప లోతు పెంచలేదు. ఈ ఒక్క ముక్క స్పష్టంగా రాసిన రచయితను నమ్మొచ్చు.

రెండోది బెలోస్ లెక్క. బెలోస్ అంటే లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఉండే మడతల సంచి, అది సాగేకొద్దీ ఫిల్మ్ మీద పడే వెలుతురు తగ్గుతుంది. ఒకసారి అమ్మమ్మ ఇత్తడి చెంబు మూతి మీది నగిషీని బాగా దగ్గర నుంచి తీశాను. 150 ఎంఎం లెన్స్, బెలోస్ 300 ఎంఎం దాకా సాగింది, మీటర్ ఒక సెకను చూపిస్తే ఒక సెకనే ఇచ్చాను. నెగెటివ్‌ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే గీతల జాడ కూడా సరిగ్గా లేదు, అద్దంలా పారదర్శకంగా ఉంది. 300ని 150తో భాగిస్తే 2, దాన్ని వర్గం చేస్తే 4, అంటే కనీసం నాలుగు సెకన్లు ఇవ్వాల్సింది. ఈ లెక్క నా దగ్గరున్న పుస్తకంలో ఉంది, కానీ ఎక్కడో చివరి అనుబంధంలో చిన్న పట్టికగా ఉంది, నేను అక్కడిదాకా వెళ్లలేదు. అసలు పాఠంలోనే ఉదాహరణతో పెట్టిన పుస్తకం తీసుకోండి.

మూడోది ఫిల్మ్ ఎక్కించే పేజీ. షీటును నిలువుగా పట్టుకున్నప్పుడు అంచున ఉండే గాట్లు కుడిచేతి పైమూలలో ఉంటే ఎమల్షన్, అంటే వెలుతురును పట్టే పూత, మీవైపు ఉన్నట్టు. హోల్డర్‌ను మూసే పలక, అంటే డార్క్ స్లైడ్, తెల్లవైపు బయటికి ఉంటే ఇంకా తీయని ఫిల్మ్, నల్లవైపు ఉంటే తీసేసినది. ఇవి బొమ్మలతో లేకపోతే మొదటి పుస్తకంగా అది వద్దు.

ఇక పేర్లు. పూర్తిగా కొత్తవాళ్లకు నేను చెప్పేది స్టీవ్ సిమన్స్ రాసిన యూజింగ్ ది వ్యూ కెమెరా. పలచటి పుస్తకం, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, కెమెరా పక్కన పెట్టుకుని చదవడానికి వీలుగా ఉంటుంది. లెస్లీ స్ట్రోబెల్ వ్యూ కెమెరా టెక్నిక్ పాఠ్యపుస్తకం లాంటిది, 1967లో మొదట వచ్చి 1999 నాటికి ఏడో ఎడిషన్‌కు చేరింది. సందేహం వచ్చినప్పుడు తెరిచి చూడటానికి దానికి మించినది నేను చూడలేదు, కానీ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుదామని కూర్చుంటే ఉత్సాహం చచ్చిపోతుంది.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్ మూడు పుస్తకాలు, ది కెమెరా, ది నెగెటివ్, ది ప్రింట్, 1980 నుంచి 1983 మధ్య వచ్చాయి. అందరూ వీటితోనే మొదలుపెట్టమంటారు, నేను అనను. మొదటి దాంట్లో వ్యూ కెమెరా కదలికల గురించి చక్కని అధ్యాయం ఉంది గానీ మిగతాదంతా అన్ని రకాల కెమెరాలకూ సంబంధించినది. ఆయన ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ సిస్టమ్, అంటే దృశ్యంలోని వెలుగునీడలను మెట్లుగా విభజించి ఎక్స్‌పోజర్, డెవలపింగ్ నిర్ణయించే పద్ధతి, ది నెగెటివ్‌లో వివరంగా ఉంటుంది. రోల్ ఫిల్మ్‌లో అన్ని ఫ్రేములూ కలిపి డెవలప్ చేయాలి, మనకు ఒక్కో షీటునూ వేరే సమయం పాటు డెవలప్ చేసుకునే వీలుంది, కాబట్టి జోన్ సిస్టమ్ అసలు విలువ మనకే తెలుస్తుంది. అయితే ఓ ముప్ఫై షీట్లు తీశాక చదవండి, అప్పుడు ప్రతి పేజీలోనూ మీ సొంత నెగెటివ్ ఏదో ఒకటి గుర్తొస్తుంది.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకు హెరాల్డ్ మెర్క్‌లింగర్ ఫోకసింగ్ ది వ్యూ కెమెరా. దాని సారం ఇది: లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని నేల నుంచి లెన్స్ ఎత్తుతో భాగిస్తే కావాల్సిన టిల్ట్ కోణం సైన్ విలువ వస్తుంది. 150 ఎంఎం లెన్స్ నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటే నేలంతా ఫోకస్‌లోకి రావడానికి ఆరు డిగ్రీల లోపే చాలు. కొత్తలో అందరూ ఇరవై డిగ్రీలు వంచేసి, బొమ్మ ఎందుకు రావట్లేదా అని టెన్షన్ పడతారు.

పాత పుస్తకం కొంటున్నప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. లెన్స్ జ్యామితి మారదు, కాబట్టి కదలికల అధ్యాయాలు నలభై ఏళ్లనాటివైనా ఫర్వాలేదు. పోలరాయిడ్‌తో టెస్ట్ షాట్ తీయమనే పేజీలు మాత్రం వదిలేయండి, ఆ ఫిల్మ్ తయారీ ఆపేస్తున్నట్టు కంపెనీ 2008లోనే ప్రకటించింది. డెవలపింగ్ సమయాలను కూడా పాత పుస్తకం నుంచి తీసుకోవద్దు. ఇల్‌ఫోర్డ్, కొడాక్ వంటి కంపెనీలు ఇచ్చే తాజా డేటా షీట్లే చూడండి, అవి ఉచితం.

టెక్నిక్ పుస్తకంతో పాటు ఒక ఫొటోల పుస్తకం కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. మనకు వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి పెద్ద గాజు ప్లేట్ల మీదే పనిచేశారు. ఆయన తీసిన భవనాల ఫొటోలు ముందేసుకుని స్తంభాలు నిటారుగా ఉన్నాయా, కెమెరా ఏ ఎత్తులో ఉండి ఉంటుంది, ముందున్న నేల ఎంత కనిపిస్తోంది అని చూస్తూ పోండి. ఆ తర్వాత చార్మినార్ ముందు నిలబడి కెమెరా పైకెత్తితే మినార్లు ఎందుకు లోపలికి వాలుతున్నాయో, కెమెరా వెనుక భాగాన్ని నిటారుగా ఉంచి లెన్స్‌ని మాత్రమే పైకి జరిపితే ఎందుకు నిలబడుతున్నాయో ఒక్కసారిగా అర్థమవుతుంది.

పుస్తకం వచ్చాక మంచం మీద పడుకుని చదవకండి. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, డైనింగ్ టేబుల్ మీద మసాలా సీసాలు మూడు ముందూ వెనకా వరసగా పేర్చి, నల్లగుడ్డ కప్పుకుని, ఒక్కో పేరా చదివి ఆ కదలిక చేసి గ్రౌండ్ గ్లాస్ మీద లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో, చూడండి. ఈ పనికి ఒక్క షీటు కూడా ఖర్చు కాదు. ఫిల్మ్ ఎక్కించడానికి మాత్రం ఒక షీటు బలి ఇవ్వక తప్పదు: ముందు వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని, ఆ తర్వాత చీకట్లో, వేళ్లకు గాట్లు వాటంతట అవే దొరికేదాకా. రెండో పుస్తకం ఏది కొనాలో ఎవరినీ అడగొద్దు. మొదటి పది నెగెటివ్‌లను కిటికీ అద్దానికి ఆనించి చూడండి, ఎక్కువ వాటిలో ఫోకస్ తప్పితే మెర్క్‌లింగర్, నీడల్లో వివరాలు లేకపోతే ది నెగెటివ్.