పక్షవాతం తర్వాత ఇంటికి – మూడవ పాఠం: ముద్ద, గుటక

గత పాఠంలో రోగిని మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చడం నేర్చుకున్నాము. ఇప్పుడు తినిపించడం. దీన్ని ఇంటికి వెళ్ళాక కాదు, డిశ్చార్జికి ముందే వార్డులో నర్సు గాని, స్పీచ్ థెరపిస్టు (మాటతో పాటు మింగడం కూడా సరిచేసే నిపుణుడు) గాని చూస్తుండగా రెండు మూడు పూటలు స్వయంగా చేసి నేర్చుకోవాలి. కొడుకులు వలసపోయిన పాలమూరు ఇళ్ళలో డిశ్చార్జి కాగితాల మీద సంతకం చేసేది ఒకరు, ముద్ద పెట్టేది మరొకరు. ఆ రెండో మనిషినే వార్డుకు పిలిపించండి.

చేయి, కాలు పడిపోయినట్టే నాలుక, గొంతు కండరాలు కూడా బలహీనపడవచ్చు. అప్పుడు గుటక వేసేటప్పుడు మూసుకోవలసిన గాలిగొట్టం సమయానికి మూసుకోదు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియాకు దారి తీయవచ్చు. చాలామంది నమ్మరు గాని, ఇటువంటి రోగికి మెత్తని ముద్ద కంటే పల్చని నీళ్ళే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అవి గొంతు సిద్ధం కాకముందే జారిపోతాయి. చారు పోసిన అన్నం ఇంకా కష్టం: మెతుకులు నోట్లో ఉండగానే చారు ముందే కిందికి పోతుంది. అన్నాన్ని గట్టిపప్పుతో గాని, పెరుగుతో గాని మెత్తగా పిసికి పెట్టడం మేలు. నీళ్ళను చిక్కబరచి ఇవ్వాలా, ఎంత చిక్కగా ఇవ్వాలో థెరపిస్టునే అడగండి.

మన ఇళ్ళలో చెంబు పెదవికి తగలకుండా, తల వెనక్కి వంచి, పైనుంచి పోసుకొని తాగే అలవాటు ఉన్నది. ఈ రోగి విషయంలో దాన్ని పూర్తిగా మానాలి. తల వెనక్కి వాలితే గాలిగొట్టం దారి తెరుచుకుంటుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి ఉంచి, చెంచాతో కొద్దికొద్దిగా ఇవ్వండి. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు వచ్చే జబ్బు) వల్ల మెడ బిగుసుకుపోయిన పెద్దవాళ్ళుంటారు; వారి గడ్డాన్ని బలవంతంగా వంచకుండా, ఆ సంగతి ముందే థెరపిస్టుకు చెప్పండి.

ముద్దను బాగున్న వైపు బుగ్గలో పెట్టండి. గుటక పడిందని తెలిశాక 'ఆ' అని పలికించండి. గొంతు గరగరగా, నీళ్ళు నిండినట్టు వినిపిస్తే ఆపి దగ్గించండి. కొందరికి దగ్గు రాకుండానే ఆహారం లోపలికి పోతుంది కనుక, దగ్గడం లేదు గదా అని నిశ్చింతగా ఉండకూడదు. మగతగా ఉన్న మనిషికి ఏమీ పెట్టవద్దు. మాత్రలను నూరే ముందు డాక్టరును అడగండి, కొన్నింటిని నూరకూడదు.

తిన్న తర్వాత పడిపోయిన వైపు బుగ్గలో వేలు పెట్టవద్దు, కొరికే ప్రమాదమున్నది. టార్చి వేసి చూసి, మెతుకులుంటే పుక్కిలించమనకుండా తడిగుడ్డ చుట్టిన చెంచాతో తీయండి. అరగంట పడుకోనివ్వవద్దు. జ్వరం, ఆయాసం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి.

అభ్యాసం: ఈ పూట మీరే గోడకు ఆనుకొని కూర్చొని, ఇంకొకరి చేత చెంచాతో పెరుగన్నం పెట్టించుకోండి. మొదటి ముద్ద మింగక ముందే రెండో చెంచా పెదవుల దగ్గరికి వస్తే ఎట్లుంటుందో గమనించి, రేపు వార్డులో ఆ వేగాన్ని తగ్గించుకోండి.