లినక్సులో వైఫై - మూడో పాఠం: డ్రైవర్ ఉంది, ఫర్మ్‌వేర్ లేదు

గత పాఠంలో 'ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే' కొట్టి కార్డు గుర్తింపు సంఖ్య రాసిపెట్టుకున్నాం. కోలన్‌కు ముందున్న సగం కంపెనీది: 8086 అయితే ఇంటెల్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14సీ3 అయితే మీడియాటెక్. ఆ సంఖ్య కింద 'కెర్నెల్ మాడ్యూల్స్' అన్న వరుసలో ఏదో ఒక పేరు కనిపిస్తున్నా వైఫై రానివాళ్ల కోసమే ఈ పాఠం. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టెర్మినల్‌లో మాత్రం ఆంగ్ల చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

డ్రైవర్, ఫర్మ్‌వేర్ ఒకటి కావు. డ్రైవర్ అంటే కార్డును నడిపించే ప్రోగ్రాం. అది కెర్నెల్‌తో (లినక్సు అసలు గుండెకాయతో) పాటు మన ప్రాసెసర్ మీద నడుస్తుంది. ఫర్మ్‌వేర్ నడిచేది కార్డులోనే ఉన్న చిన్న ప్రాసెసర్ మీద. చాలా కార్డుల్లో దాన్ని శాశ్వతంగా దాచుకునే చోటు ఉండదు. కరెంటు పోతే చెరిగిపోతుంది. అందుకే బూట్ అయిన ప్రతిసారీ డ్రైవర్ '/లిబ్/ఫర్మ్‌వేర్' నుంచి ఆ ఫైలు తీసి కార్డులోకి ఎక్కిస్తుంది. అక్కడ ఫైలు లేకపోతే డ్రైవర్ ఎంత మంచిదైనా చేయగలిగింది లేదు. ఏథ్9కే డ్రైవర్‌తో నడిచే పాత అథెరాస్ పీసీఐ కార్డులకు మాత్రం ఈ ఫైలు అవసరమే లేదు. ఆ కార్డు ఉన్నవాళ్లు ఈ పాఠం దాటేయొచ్చు.

ఇంటెల్ కార్డుల్లో ఒక చిక్కుంది. ఫర్మ్‌వేర్ దొరక్కపోతే ఐడబ్ల్యూఎల్‌వైఫై డ్రైవర్ కార్డును వదిలేస్తుంది. దాంతో ఎల్‌ఎస్‌పీసీఐ ఫలితంలో 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న వరుస మాయమవుతుంది. అది చూసి డ్రైవరే లేదనుకుని ఎక్కడెక్కడి నుంచో సోర్సు కోడు దించి కంపైల్ చేయడం మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు కెర్నెల్ ఏమంటోందో చదవండి:

సుడో డీఎంఈఎస్‌జీ | గ్రెప్ -ఐ ఫర్మ్‌వేర్

ఇంటెల్ కార్డయితే 'డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ ఫర్' అని మొదలై, ఒక ఫైలు పేరు చెప్పి, 'ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2' అని ముగిసే వరుసలు కనిపించవచ్చు. -2 అంటే ఆ పేరుతో ఫైలు లేదని అర్థం. కార్డు చెడిపోయిందని కాదు. ఫైలు పేరు చివర, '.యూకోడ్' ముందు ఒక అంకె ఉంటుంది, 83 అనుకుందాం. డ్రైవర్ ముందు 83 అడుగుతుంది. లేదంటే 82, ఆ తర్వాత 81... ఇలా తనకు సరిపడే అతి పాత వెర్షన్ దాకా ఒక్కో మెట్టు దిగుతూ వెతుకుతుంది. కాబట్టి ఈ వరుసలు నాలుగైదు కనబడగానే కంగారు పడొద్దు. వాటి కింద 'లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్' అని ఉంటే ఫైలు దొరికినట్టే, మీ సమస్య వేరే చోట ఉంది. 'నో సూటబుల్ ఫర్మ్‌వేర్ ఫౌండ్' అని ఉంటేనే ఫైలు నిజంగా లేనట్టు. ఆ వెంటనే కనీసం ఏ వెర్షన్ కావాలో, గరిష్ఠంగా ఏది పనికొస్తుందో కూడా డ్రైవరే చెబుతుంది. ఆ వరుసల్లో ఫర్మ్‌వేర్ అన్న మాట ఉండదు కాబట్టి, పై ఆదేశం చివర ఫర్మ్‌వేర్ బదులు ఐడబ్ల్యూఎల్‌వైఫై అని కొట్టి చూడండి. ఆ రెండూ రాసుకోండి.

'ఐడబ్ల్యూఎల్-డీబగ్-యోయో' అన్న ఫైలు దొరకలేదని కూడా తరచూ వస్తుంది. అది డ్రైవర్ తయారుచేసేవాళ్ల పరిశీలనకు పనికొచ్చే ఫైలు. లేకపోయినా వైఫైకి ఏ నష్టమూ లేదు.

ఇక ఫైలు తెచ్చుకోవాలి. వైఫై లేదు కాబట్టి ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. 'ఐపీ లింక్' కొడితే యూఎస్‌బీ0 అనో, ఈఎన్‌ఎక్స్‌తో మొదలయ్యే పొడుగాటి పేరుతోనో కొత్త ఇంటర్‌ఫేస్ కనిపించాలి. కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. చార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు.

ఉబుంటులో కావలసినవన్నీ దాదాపు 'లినక్స్-ఫర్మ్‌వేర్' ప్యాకేజీలోనే ఉంటాయి. డెబియన్‌లో చిప్‌ను బట్టి 'ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై', 'ఫర్మ్‌వేర్-రియల్‌టెక్', 'ఫర్మ్‌వేర్-అథెరాస్' అని విడివిడిగా ఉంటాయి. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వీటిని 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' అనే కొత్త విభాగంలోకి మార్చారు. 11 నుంచి 12కు అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పే వాళ్ల 'సోర్సెస్.లిస్ట్' ఫైలులో పాత 'నాన్-ఫ్రీ' ఒక్కటే ఉంటుంది. అందుకే కొత్త ప్యాకేజీ దొరకదు. 'మెయిన్' ఉన్న ప్రతి వరుస చివరా కొత్త విభాగం పేరు చేర్చి, 'ఆప్ట్ అప్‌డేట్' కొట్టి, ఆపైన ప్యాకేజీ వేసుకోండి.

ప్యాకేజీ వేశాక కూడా అదే ఎర్రర్ వస్తుంటే, కెర్నెల్ కొత్తది, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పాతది అయ్యుండవచ్చు. బ్యాక్‌పోర్ట్స్ (పాత డెబియన్‌కు కొత్త ప్యాకేజీలు అందించే విభాగం) నుంచి కెర్నెల్ తెచ్చుకున్నవాళ్లు ఫర్మ్‌వేర్ కూడా అక్కడి నుంచే తెచ్చుకోవాలి. '/లిబ్/ఫర్మ్‌వేర్'లో ఫైలు చివర '.ఎక్స్‌జెడ్' అనో '.జెడ్‌ఎస్‌టీ' అనో ఉంటే అది కుదించిన ఫైలు. డిస్ట్రో ప్యాకేజీతో వచ్చినదైతే కెర్నెల్ దాన్ని నేరుగానే చదువుకుంటుంది. విప్పొద్దు, పేరు మార్చొద్దు.

తర్వాత డ్రైవర్‌ను దించి మళ్లీ ఎక్కించాలి. ఇంటెల్ కార్డయితే ఇలా:

సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఐడబ్ల్యూఎల్‌ఎంవీఎం ఐడబ్ల్యూఎల్‌వైఫై
సుడో మోడ్‌ప్రోబ్ ఐడబ్ల్యూఎల్‌వైఫై

ఐడబ్ల్యూఎల్‌ఎంవీఎం అనేది ఐడబ్ల్యూఎల్‌వైఫై మీద ఆధారపడిన మాడ్యూల్. అందుకే దాన్ని ముందు దించుతున్నాం. ఇది కుదరకపోతే రీబూట్ చేయండి, అప్పుడూ డ్రైవర్ మళ్లీ ఎక్కుతుంది.

ఇప్పుడు 'ఐపీ లింక్'లో డబ్ల్యూఎల్‌తో మొదలయ్యే పేరు రావాలి. ఆ పేరులోనే కార్డు చిరునామా ఉంటుంది. కార్డు 00:14.3 దగ్గర ఉంటే పేరు డబ్ల్యూఎల్‌పీ0ఎస్20ఎఫ్3 అవుతుంది. హెక్సాలో 14 అంటే మామూలు లెక్కలో 20, చివరి 3 ఫంక్షన్ సంఖ్య.

పేరు వచ్చినా నెట్‌వర్కులు కనిపించకపోతే, వైఫైని ఎవరైనా ఆపి ఉంచారేమో చెప్పే 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' ఆదేశం కొట్టి చూడండి. 'సాఫ్ట్ బ్లాక్డ్' దగ్గర యెస్ అని ఉంటే 'సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై' చాలు. 'హార్డ్ బ్లాక్డ్' దగ్గర యెస్ ఉంటే ఏ ఆదేశమూ పనిచేయదు. ల్యాప్‌టాప్ పక్కనున్న స్విచ్చో, ఎఫ్‌ఎన్ మీటతో కలిపి నొక్కే వైఫై మీటో చూసుకోవాలి.

వచ్చే పాఠం బ్రాడ్‌కామ్ డబ్ల్యూఎల్ డ్రైవర్, డీకేఎంఎస్, సెక్యూర్ బూట్ గురించి. 14ఈ4 కార్డులున్నవాళ్లు 'యూనేమ్ -ఆర్', 'మోక్‌యుటిల్ --ఎస్‌బీ-స్టేట్' ఫలితాలు రాసుకుని సిద్ధంగా ఉండండి.