‘చాలా’కు ఇంగ్లీషులో ఏ మాట? విశేషణాల ముందు వెరీ, టూ, ఎనఫ్ వాడే తీరు

తెలుగులో ‘చాలా’ అన్న ఒక్క మాటతో ఎన్నో పనులు నడిచిపోతాయి. చాలా వేడి, చాలా అద్భుతం, దానికంటే ఇది చాలా నయం: విశేషణం ఎలాంటిదైనా, పోలిక ఉన్నా లేకపోయినా ఆ మాట మారదు, దాని చోటూ మారదు. ఇంగ్లీషులో ఇదే పనిని డిగ్రీ ఆడ్వర్బులు అనే మాటల గుంపు పంచుకుంటుంది కాబట్టి, ఏ విశేషణానికి ఏది పొసగుతుందో చూసుకోవలసి ఉంటుంది. ఈ విషయంలో మనం చేసే తప్పులు ఎక్కువగా ‘చాలా’ వచ్చిన ప్రతిచోటా ‘వెరీ’ పెట్టడం వల్లనో, ‘వెరీ’ చాలదనిపించి ‘టూ’ అనడం వల్లనో వచ్చేవే.

ముందు ‘టూ’ సంగతి. దానికి సరైన తెలుగు ‘చాలా’ కాదు, ‘మరీ’. ‘ది టీ ఈజ్ వెరీ హాట్’ అంటే టీ బాగా వేడిగా ఉంది, ఊదుకుంటూ తాగవచ్చు. ‘ది టీ ఈజ్ టూ హాట్’ అంటే నోట పెట్టుకోలేం. ‘టూ హాట్ టు డ్రింక్’ అని పూర్తిగా చెప్పకపోయినా, విన్నవారికి ఆ ‘తాగలేం’ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారి ఇంట్లో భోజనం చేస్తూ, ఘాటుగా భలే ఉందన్న ఉద్దేశంతో ‘ది కర్రీ ఈజ్ టూ స్పైసీ’ అన్నామనుకోండి. వండిన ఆవిడ నొచ్చుకుని, పెరుగు తెచ్చి పెట్టినా ఆశ్చర్యం లేదు. మన దేశంలో ‘టూ గుడ్’ మెచ్చుకోలుగా చెల్లుతోంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఉద్యోగ దరఖాస్తులోనో, పరీక్షలోనో రాసేటప్పుడు ‘వెరీ గుడ్’ దగ్గర ఆగడం మేలు. దీనికి తోడు మరో పొరపాటు ఉంది: ‘టూ మచ్’ నామవాచకం ముందు వస్తుంది గాని, విశేషణం ముందు రాదు. ‘టూ మచ్ సాల్ట్’ సరైనదే, ‘టూ మచ్ హాట్’ తప్పు. ఒత్తి చెప్పాలంటే మాటలను తిరగేసి ‘మచ్ టూ హాట్’ అనాలి. ‘ఐ యామ్ వెరీ మచ్ హ్యాపీ’ అన్న వాక్యంలోనూ ‘మచ్’ అనవసరం.

‘వెరీ’కి కూడా ఒక హద్దు ఉంది. చలి, అలసట, పరిమాణం వంటివాటికి హెచ్చుతగ్గులుంటాయి. అందువల్ల కోల్డ్, టయర్డ్, బిగ్ అన్న మాటల ముందు ‘వెరీ’ హాయిగా ఇముడుతుంది. ఫ్రీజింగ్, ఎగ్జాస్టెడ్, ఎనార్మస్ అన్నవి అవే గుణాల చివరి మెట్టును చెప్పే మాటలు; వాటి లోపలే ఒక ‘వెరీ’ దాగి ఉంది కనుక, పైన మరొకటి పెడితే ఇంగ్లీషు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. వాటికి ‘ఆబ్సొల్యూట్లీ’ జోడించాలి: వెరీ టయర్డ్, కానీ ఆబ్సొల్యూట్లీ ఎగ్జాస్టెడ్. మనం ‘చాలా అద్భుతం’ అని తడుముకోకుండా అంటాం కాబట్టే ‘వెరీ ఎక్సలెంట్’ అలవోకగా వచ్చేస్తుంది. ఇక ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు అన్న తరహా విశేషణాలు మరికొన్ని ఉన్నాయి. ‘ఫుల్’, ‘ఇంపాసిబుల్’ వంటివాటికి కంప్లీట్లీ, ఆల్మోస్ట్, నియర్లీ వంటివి సరిపోతాయి: ఆల్మోస్ట్ ఇంపాసిబుల్, నియర్లీ ఫుల్. ఏది వాడాలో తోచనప్పుడు ‘రియల్లీ’ ఆదుకుంటుంది, ఎందుకంటే అది ‘టయర్డ్’తోనూ ‘ఎగ్జాస్టెడ్’తోనూ కలుస్తుంది, సంభాషణలో దానికి మించిన ఊతం లేదు.

పోలిక చెప్పేటప్పుడు ‘వెరీ’ పూర్తిగా తప్పుకోవాలి. ‘చాలా నయం’ అన్నది ‘వెరీ బెటర్’ కాదు, ‘మచ్ బెటర్’. ఫార్ బెటర్, ఎ లాట్ బెటర్ అన్నా సరే. కాస్త నయమైతే ‘ఎ బిట్ బెటర్’ లేదా ‘స్లైట్లీ బెటర్’. అన్నింటికంటే మేలైనదని ఒత్తి చెప్పడానికి ‘బై ఫార్ ది బెస్ట్’ ఉంది.

‘ఎనఫ్’ విషయంలో చిక్కంతా చోటుతోనే. ‘తగినంత పొడవు’ అన్న వరుసకు అలవాటుపడి ‘ఎనఫ్ టాల్’ అంటాం. ఇంగ్లీషులో అది విశేషణం వెనుక నిలబడాలి: టాల్ ఎనఫ్, ఓల్డ్ ఎనఫ్ టు వోట్. నామవాచకమైతే మళ్లీ ముందుకే వస్తుంది: ఎనఫ్ మనీ. ‘ఎ’, ‘ఆన్’ల చోటు కూడా ఇలాగే మారుతుంది. ‘ఎ వెరీ ఓల్డ్ హౌస్’ అంటాం గాని, ‘సచ్’ వస్తే ‘సచ్ ఆన్ ఓల్డ్ హౌస్’ అవుతుంది.

తీవ్రతను తగ్గించే మాటల్లో ‘ఎ బిట్’ను గమనించాలి. మన ‘కాస్త’ మంచికీ చెడ్డకీ పనికొస్తుంది; పోలిక లేనిచోట ‘ఎ బిట్’ మాత్రం సాధారణంగా నచ్చని గుణాల ముందే వస్తుంది. ఎ బిట్ ఎక్స్‌పెన్సివ్, ఎ బిట్ నాయిజీ అంటారు. ఎ బిట్ బ్యూటిఫుల్ అనరు. మెచ్చుకోలును కొద్దిగా తగ్గించి చెప్పాలంటే ‘ఫెయిర్లీ గుడ్’ అనవచ్చు.

కొన్ని జంటలకు మాత్రం సూత్రమేమీ లేదు. కటిక చీకటి, పండు ముసలి, పచ్చి అబద్ధం అంటాం. పండు చీకటి అని ఎవరూ అనరు, ఎందుకని అడిగితే చెప్పలేం. బిటర్లీ కోల్డ్, హైలీ అన్‌లైక్లీ, సీరియస్లీ ఇల్, ఫాస్ట్ అస్లీప్ కూడా అలా కుదిరిపోయిన జంటలే. వాటిని చదివినచోటే జంటగా రాసిపెట్టుకోవాలి. ‘అస్లీప్’ను ఒంటరిగా నేర్చుకుంటే నోటికి ‘వెరీ అస్లీప్’ అనే వస్తుంది.

చివరగా మిగిలింది ‘క్వైట్’. ‘క్వైట్ ఇంపాసిబుల్’ అంటే పూర్తిగా అసాధ్యం. ‘క్వైట్ గుడ్’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దేశాన్ని బట్టి అర్థం మారుతుంది: అమెరికన్ల నోట అది సాధారణంగా ‘చాలా బాగుంది’, బ్రిటిష్‌వారి నోట ఎక్కువగా ‘ఫరవాలేదు’. లండన్‌లోని అధికారి మీ నివేదికను ‘క్వైట్ గుడ్’ అన్నాడంటే, మిఠాయిలు పంచే ముందు దాన్ని మరోసారి సరిచూసుకోండి.