గేమ్ జోన్ పెడుతున్నారా? ముందు మిషను తలుపు తీసి చూడండి

భీమవరంలోనో అమలాపురంలోనో పది మిషన్లతో గేమ్ జోన్ పెట్టాలనుకునేవాళ్లు మొదట షాపు అద్దె, మిషన్ల రేటు లెక్కేస్తారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది, ఆ మిషన్లోంచి ఏం బయటికొస్తుందన్నది. డబ్బు గానీ, కౌంటర్లో డబ్బుగా మార్చుకునే టోకెన్ గానీ వచ్చిందంటే 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ (జూద నిరోధక) చట్టం మెడకు చుట్టుకుంటుంది. సంక్రాంతికి డబ్బు పందెం కాసే గుండాటలు చూసి పెరిగిన ఊళ్లు కదా, "మూడు రోజులేగా" అనేస్తారు. చట్టంలో పండగ సెలవు లేదు. గోవాలో స్లాట్ మిషన్లు లేవా అంటే, అక్కడ 1992లో చట్టం సవరించి స్టార్ హోటళ్లకు దారిచ్చారు. మనకు ఆ దారి లేదు.

బొమ్మలు తీసే క్రేన్ మిషనుతోనే అసలు చిక్కు. తలుపు తీసి సర్వీస్ మెనూలోకి వెళ్తే, ఎన్ని ఆటలకోసారి కొక్కెం గట్టిగా పట్టాలన్న సెట్టింగు ఉంటుంది. అక్కడ 25 పెడితే మిగతా 24 ఆటల్లో గురి ఎంత బాగున్నా బొమ్మ సగం పైకొచ్చి జారిపోతుంది. ఇక అది జూదం కాదు, నైపుణ్యం ఆట అని వాదించలేరు. ప్రతి ఆటకూ ఒకే పట్టు పెట్టండి, నష్టం రాకుండా బొమ్మ ఖరీదు తగ్గించుకోండి. వీడియో గేమ్ పార్లర్లకు లైసెన్సు తప్పనిసరి చేయొచ్చని సుప్రీంకోర్టు 1995లోనే, కర్ణాటక కేసులో చెప్పింది. అందుకే మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, కమర్షియల్ కరెంటు మీటరు వచ్చాకే షట్టరు ఎత్తండి.

పన్ను సంగతి. జీఎస్టీలో ఈ సేవ కోడ్ 999693, పన్ను 18 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన 40 శాతం క్యాసినోలకు, పందేలకు; దాన్ని చూసి బెదరక్కర్లేదు. వంద రూపాయల కార్డు అమ్మితే అందులో 15.25 పన్ను, మీది 84.75. ఏడాదికి 20 లక్షలు దాటితే, అంటే రోజుకు సగటున 5,480 రూపాయలు, రిజిస్ట్రేషన్ తప్పదు. 50 లక్షల లోపు వాళ్లకు కాంపోజిషన్, అంటే మొత్తం అమ్మకం మీద 6 శాతం కట్టేసే పద్ధతి ఉంది గానీ, మిషన్ల మీద కట్టిన 18 శాతం వెనక్కి రాదు, కస్టమరు దగ్గర పన్ను వసూలు చేయకూడదు. కొత్త మిషన్లు కొనే ఏడాది మామూలు పద్ధతే మేలు.

రోజూ మూసేముందు ప్రతి మిషను కాయిన్ మీటరు ఫొటో తీసి, అమ్మిన టోకెన్లతో సరిచూడండి. రెండూ కలవకపోతే దొంగతనమని కుర్రాడి మీద పడకండి. నరసాపురం వైపు ఉప్పు గాలికి కాంటాక్టులు తుప్పు పడతాయి, సెన్సరు మీద దుమ్ము పేరుకుంటుంది. ఒక టోకెన్ రెండుగా పడుతుంది, లేదా పడదు. సెన్సరు తుడిచి ఇరవై టోకెన్లు వేసి చూడండి, మీటరు సరిగ్గా ఇరవై కదలాలి. మీటరు మార్చాల్సి వస్తే పాత అంకె, కొత్త అంకె, తేదీ పుస్తకంలో రాసి మెకానిక్ సంతకం తీసుకోండి. తనిఖీకొచ్చిన అధికారి మొదట అడిగేది ఆ రెండు అంకెల మధ్య తేడా గురించే.